తొలి మేత పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్తగా వచ్చిన కుందేలుకు బెల్లం శనగలు తినిపించింది నేనే. ఈ ఒక్క మాట నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పనందువల్ల ఒక మనిషికి ఏం పోయిందో తెలిసి కూడా చెప్పలేదు. ఇప్పుడిది రాస్తుంటే పెద్దగా బాధ కలగడం లేదు. ఒకే పక్కన చాలాసేపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, నాలో ఆ చోటు అలాగే మొద్దుబారి చాలాకాలమైంది.

అప్పుడు మేము, తాతయ్య కూలిపనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, మహేబోర్గ్ ఊరికి కాస్త ఎగువన, ఒక చెరకు తోట కేంపులో ఉండేవాళ్ళం. గడ్డి కప్పుల ఇళ్ళు రెండు వరసలు, మధ్యలో అందరికీ ఒకటే కుళాయి, చివర రామభజన జరిగే పాక. ప్రతి శనివారం సాయంత్రం మా తాతయ్య తాళాలు పట్టుకుని అక్కడ భజన నడిపేవాడు. తర్వాత బెల్లం వేసిన ఉడికించిన శనగలు ప్రసాదంగా పంచేవారు. ఆ ప్రసాదం గడపలో ఉన్న ఏ ప్రాణికీ లేదనకూడదని తాతయ్య నియమం. ఇంటికి రాగానే కుక్కకు ఒక ముద్ద, గడప దగ్గర చీమలకు ఒక చిటికెడు వేశాకే మేము తినాలి.

మా పక్కింటి అక్కకు అప్పుడు పదహారు పదిహేడేళ్ళుంటాయేమో. తండ్రి లేడు. తల్లీ ఆమే తోటలో కలుపు తీసుకుని బతికేవారు. ఆ అక్క చెయ్యి మంచిదని కేంపంతా నమ్మేది. ఆవు వచ్చినా, మేకపిల్ల వచ్చినా దాని నోటికి తొలి మేత ఆమే అందించాలి. కోడిని పొదగేయాలంటే గుడ్లు ఆమే పెట్టాలి. కబురు రాగానే పసుపు నీళ్ళతో చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చేది. మామూలు రోజుల్లో ఆమె వచ్చినా వెళ్ళినా పట్టించుకోని పెద్దవాళ్ళు ఆ కాసేపు లేచి పీట వేసేవారు.

మహేబోర్గ్‌లో మా నాన్నకు తెలిసిన ఒక క్రియోల్ ముసలాయన కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తన కుందేలును నాన్న చేతిలో పెట్టాడు. బూడిద రంగు ఆడ కుందేలు, క్రియోల్ భాషలో లాపేన్. ఒక బుధవారం పొద్దున నాన్న దాన్ని వెదురుబుట్టలో తెచ్చాడు. మా చిన్నాన్న బుట్టలోకి తొంగిచూసి, "లాపేన్ బాగా బలిసింది. మసాలా నూరుతావా వదినా?" అన్నాడు. నేను బుట్ట మీద బోర్లా పడిపోయాను. అందరూ నవ్వారు. అలా అది కూరలోకి పోకుండా నాకు దక్కింది.

తొలి మేతకు అక్కను పిలిచారు. ఆమె కుందేలును ముట్టుకోలేదు. ముందు నాన్నను అడిగింది.

"అక్కడ ఏటి తినేది మావా?"

నాన్నకు తెలియదు.

"అయితే ఎల్లి ఆ గడ్డే ఓ మోపు తెండి. ఊరు మారినట్టు దాని కడుపుకి తెలీకూడదు."

నాన్న విసుక్కున్నాడు కాని తాతయ్య అక్క మాటే నిలబెట్టాడు. తాను ఓడ దిగిన రోజున కొత్త బియ్యం అన్నం చూసి ఆబగా తిన్నవాళ్ళందరూ వారం దాకా లేవలేదనీ, గంజి తాగి ఊరుకున్నవాళ్ళు మూడో రోజుకు పనిలోకి వెళ్ళారనీ చెప్పాడు. నాన్న మళ్ళీ మహేబోర్గ్ నడిచి వెళ్ళి ఎండుగడ్డి మోపు తెచ్చాడు.

అక్క ఒక పరక తీసి, కుందేలును ఉంచిన చెక్కపెట్టె లోపల పెట్టి, అది నోటితో అందుకునేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత పెట్టె మీద గోనెసంచి కప్పి, నాకు అప్పగింతలు పెట్టింది. మూడు రోజులు దాన్ని పిలవకూడదు, నిమరకూడదు. ఎండుగడ్డి, నీళ్ళు తప్ప ఏమీ వద్దు. నాలుగో రోజు నుంచి మన గడ్డి పిడికెడు కలపాలి, ఆ తర్వాత రెండు పిడికిళ్ళు. మెత్తటి పెంటికలు కనిపిస్తే తీసెయ్యకూడదు, అది వాటిని మళ్ళీ తింటుంది, అలా తింటేనే దానికి అరుగుతుంది. నేను ఛీ అన్నాను.

"నిన్న అలిగి వదిలేసిన కూర ఈ పొద్దు చద్దన్నంలో కలుపుకుని తిన్నావు కాదేటి? అదీ అంతే" అంది.

గురువారం, శుక్రవారం ఎలాగో ఆగాను. సంచి అంచు ఎత్తి చూసినప్పుడల్లా అది మూలకు ముఖం పెట్టి, వీపు నా వైపు తిప్పి కూర్చునేది. నా కోసం వచ్చిన జంతువు నన్ను చూడడం లేదు. శనివారం భజన నుంచి వచ్చి కుక్కకు వేశాను, చీమలకు వేశాను. ఈ గడపలో మరో ప్రాణి కూడా ఉంది కదా అనిపించింది. పెట్టె తలుపు తీసి అరచెయ్యి లోపల పెట్టాను. బెల్లం వాసనకు అది మెల్లగా తిరిగింది. దగ్గరికి వచ్చి నా చేతిలోంచి తింది. దాని మీసాలు తగులుతుంటే ఆకులో తెచ్చుకున్న ప్రసాదమంతా పెట్టేశాను.

ఆదివారం పొద్దున దాని పొట్ట బిగిసి రాయిలా ఉంది. పళ్ళు కొరుకుతోంది. పెంటిక ఒక్కటీ లేదు. మా అమ్మ అక్కను కేకేసింది. అక్క వచ్చి పెట్టెలోకి చెయ్యి పెట్టి తడిమింది. ఆ చేతికి శనగపొట్టు దొరికింది. పిడికిలి మూసి నా వైపు చూసింది.

"ఏటి పెట్టినావే దీనికి?" అంది అమ్మ వెనకనుంచి.

అక్క ఇంకా నన్నే చూస్తోంది. నేను మాట్లాడడానికి కావలసినంత సేపు ఆగింది.

"గడ్డే అత్తా" అంది చివరికి.

తాతయ్య పంచిన ప్రసాదం ప్రాణం మీదికి తెచ్చిందని ఎలా చెప్పను అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. అమ్మ చేతిలో కట్టెపుల్ల ఉంది. మిగతా సగం అదే.

అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళాక అక్క నన్ను దగ్గరికి పిలిచింది. తిట్టలేదు. "లాపేన్‌కి దేవుడు తెలీదురా, కడుపే తెలుసు" అంది. ఆ రెండు రోజులూ పనికి పోకుండా మా పెరట్లోనే ఉంది. కుందేలును ఒళ్ళో పెట్టుకుని, చేతులు రుద్దుకుని వెచ్చచేసి పొట్ట నిమిరేది. కిందికి దించి నాలుగడుగులు నడిపించేది. గుడ్డ తడిపి నీళ్ళు చప్పరించేలా చేసేది. మంగళవారం పొద్దున్నే అరచేతిలో ఒక గట్టి పెంటిక తెచ్చి చూపించింది. అంత సంతోషంగా ఉన్న ముఖం నేను మళ్ళీ చూడలేదు. ఆ కుందేలు ఆ తర్వాత అయిదేళ్ళు బతికింది.

కాని ఆదివారమే కుళాయి దగ్గర మాట పుట్టింది. పుట్టించింది మా అమ్మే. "దాని చెయ్యి పాడైపోనాది" అంది. కుందేలు బతికిన సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరూ అక్కను ఏమీ అనలేదు, పిలవడం మానేశారు, అంతే. నెల తిరక్కుండా మూడో ఇంటికి పాడి ఆవు వచ్చింది. మెడలో గంట మోగుతుంటే పిల్లలమంతా పరిగెత్తాం. వెనక్కి తిరిగి చూస్తే అక్క తన గడపలో నిలబడి ఉంది. చేతులు పసుపు నీళ్ళతో కడుక్కుంది. వాటిని ఆరబెట్టుకుంటూ ఆ ఇంటివైపు చూస్తోంది. తొలి మేత ఇంకెవరో పెట్టారు. చేతులు ఆరిపోయాక కూడా ఆమె కాసేపు అలాగే నిలబడి, లోపలికి వెళ్ళింది. మరుసటి ఏడు తల్లీకూతుళ్ళు కార్తియే మిలితేర్ అనే ఊరి వైపు వెళ్ళిపోయారు.

తాతయ్య పోయాక తాళాలు నా చేతికి వచ్చాయి. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం శనగలు పంచుతూనే ఉన్నాను. మా ఇంటికి కోడిపిల్ల వచ్చినా, కోడలు వచ్చినా, అక్కడ ఏం తినేవారని ముందు అడుగుతాను. ఆ రోజు నుంచి నాకు మిగిలిన పాఠం అదొక్కటే అనుకునేవాణ్ణి.

మొన్న వర్షాలు తగ్గాక బస్సెక్కి కార్తియే మిలితేర్ వెళ్ళాను. అక్క జుట్టు పూర్తిగా తెల్లబడింది. వాకిట్లో మొక్కజొన్న గింజలు ఒలుస్తోంది. నన్ను పోల్చుకుని పీట వేసింది. శనగల సంగతి మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంత దూరం వచ్చినావా? తెలీనోళ్ళకి సెప్పు."

"అప్పుడు నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు సెప్తావనుకున్నాను" అంది. మళ్ళీ గింజలు ఒలుచుకుంది.

ఆ శనివారం భజన అయ్యాక ప్రసాదం గిన్నె మూత తియ్యకుండా లేచి నిలబడ్డాను. ఆ రోజులు ఎరిగినవాళ్ళు అయిదారుగురికి మించి లేరు. మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.  

"మా పక్కింటి అక్క మీకు గురుతుంది కదా. ఆ లాపేన్‌కి తొలి మేత ఆవిడ సరిగ్గానే పెట్టింది. ఈ శనగలు పెట్టి దాని కడుపు పాడుచేసినోణ్ణి నేను. అమ్మ అడిగినప్పుడు నోరిప్పలేదు. మీరంతా ఆవిణ్ణి పిలవడం మానేసినప్పుడూ నోరిప్పలేదు. ఆవిడ చెయ్యి మంచిది. ఎప్పుడూ మంచిదే. తప్పు నాది. ఆవిడ ఇక్కడ లేకపోయినా అడుగుతున్నాను: అక్కా, నన్ను క్షమించు."