అర్నెల్ కుడికన్ను

హిమజ టౌరంగా రేవుపట్నంలో కళ్ళు పరీక్షించే ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. చదువుకోవడానికి వచ్చిన కొత్తల్లో ఇక్కడి కివీపండ్లు పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో పనిచేస్తూ, మణికట్టు వాచిపోతే షిఫ్టులు పోతాయని స్వెట్టర్ చేతుల కింద దాచుకున్న మనిషి. అందుకే కుర్చీలో కూర్చున్నవాళ్ళు "ఏమీ లేదు" అంటే అంత తేలిగ్గా నమ్మదు.

ఆ మంగళవారం ఉదయం, ఓడల ఏజెన్సీలో పనిచేసే భార్గవ్ ఒక ఫిలిప్పీన్స్ నావికుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పేరు అర్నెల్. వయసు నలభై రెండు. అందులో పంతొమ్మిదేళ్ళు సముద్రం మీదే గడిచాయి.

"కళ్ళజోడు విరిగిందక్కా. కొత్తది ఇప్పించేస్తే చాలు. దుంగల లోడింగ్ అయిపోయింది, సాయంత్రం ఆరింటికి ఓడ బయల్దేరుతుంది," అన్నాడు భార్గవ్ గడియారం చూసుకుంటూ.

ఎడమకన్ను బాగానే ఉంది. కుడికన్ను దగ్గర హిమజ ఆగిపోయింది. మందుచుక్కలు వేసి, కాసేపాగి మళ్ళీ చూసింది. కంటి వెనకపొర రెటీనా అంచున చిరుగు.

భార్గవ్‌ని బయట కూర్చోమని తలుపు వేసింది.

"మెరుపుల్లాంటివి కనిపిస్తున్నాయా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అర్నెల్ నవ్వాడు. "ఏమీ లేదు మేడమ్."

"నల్లటి చుక్కలు?"

నవ్వు ఆగిపోయింది. "నాలుగు రోజులుగా. దయచేసి ఎక్కడా రాయకండి."

"ఎందుకు?"

"మావాళ్ళు ఎన్ని ఓడల్లో ఉన్నారో చూస్తూనే ఉంటారుగా. పని వచ్చు, ఇంగ్లీషు వచ్చు, గొణగం. ఇప్పుడు మిగతా దేశాల కుర్రాళ్ళూ పని నేర్చుకుని వస్తున్నారు. ఇక మా దగ్గర మిగిలింది గొణక్కపోవడమే. జబ్బుతో దిగిపోయినవాణ్ణి మళ్ళీ ఎవరు పిలుస్తారు? నా చోటు కోసం మనీలాలో బోలెడంతమంది కాచుకుని ఉన్నారు."

హిమజ అతని వైపు కుర్చీ జరుపుకుంది. "ఈరోజే లేజర్ చేస్తే కన్ను నిలబడొచ్చు. మీ ఓడ కొరియా చేరేలోగా రెటీనా ఊడిపోతే నడిసముద్రంలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. బాగుందని నేను రాయలేను. అలాగని మిమ్మల్ని హాస్పిటల్‌కి లాక్కెళ్ళనూ లేను."

అర్నెల్ భార్యతో మాట్లాడాలని ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. అటునుంచి అటే ఓడకి వెళ్ళిపోతాడేమో! కిటికీ అద్దంలోంచి అతని వీపునే చూస్తూ నిలబడింది హిమజ. పావుగంటకి అర్నెల్ తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"రాయండి," అన్నాడు.

విషయం వినగానే భార్గవ్ తల పట్టుకున్నాడు. "మా బాస్ నన్ను చంపేస్తాడక్కా! ఇంత అర్జెంట్‌గా ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

"దొరుకుతాడు. ఈయన భయం కూడా అదే. ముందు కార్ తియ్యి," అంది హిమజ.

మధ్యాహ్నం లేజర్ చేశారు. అర్నెల్ లేకుండానే ఓడ వెళ్ళిపోయింది. వారం తర్వాత అతన్ని ఇంటికి పంపించారు. ఆ తర్వాత చాలాకాలం, రేవులో ఏ ఓడ కనిపించినా హిమజకు మనసు మనసులో ఉండేది కాదు. కన్ను కాపాడి ఒక ఇంటి తిండి తీసేశానేమోనన్న బెంగ.

ఏడు నెలలకి అర్నెల్ నుంచి మెసేజ్ వచ్చింది. చూపు నిలిచింది. పాత కంపెనీ మాత్రం పిలవలేదు. మనీలాలో కొత్తగా ఓడెక్కేవాళ్ళకి డెక్ పని నేర్పుతున్నాడట. ఒంట్లో బాగోకపోతే వెంటనే చెప్పమని వాళ్ళకి రోజూ చెబుతున్నాడట.

"వింటున్నారా?" అని అడిగింది హిమజ.

"తల మాత్రం చక్కగా ఊపుతారు మేడమ్," అని జవాబిచ్చాడు అర్నెల్.