తూము ఎవరు తీశారు

నిన్న ఫోన్‌లో జాగా నిండిపోయిందని, ఏమైనా తీసేయమని మెసేజ్ వచ్చింది. ఏవి తీసేయాలో చూసుకుంటూ పోతుంటే ‘చరిత్ర ఫైనల్’, ‘చరిత్ర ఫైనల్ 2’, ‘చరిత్ర అసలు ఫైనల్’ లాంటి పేర్లతో కొన్ని ఫైళ్లు కనిపించాయి. అవి ఏడాది తిరగకుండా మా ఊళ్లో పోయిన ముగ్గురి జీవిత చరిత్రలు. ముగ్గురివీ కలిపినా, భిక్నూర్ దగ్గర దాబాలో నేను తీసుకున్న బిర్యానీ ఫొటో అంత బరువు లేవు. బిర్యానీని తీసేసి చరిత్రలను ఉంచుకున్నాను. నేను చేసిన మంచిపనుల జాబితా చిన్నదే కాబట్టి దీన్ని కూడా అందులో వేసుకుంటున్నాను.

మా ఊరు ఎల్లారెడ్డికీ గాంధారికీ నడుమ, ఆగాలా వద్దా అని బస్సు డ్రైవర్ ఆలోచించుకునే చోట ఉంటుంది. మా వాడలో ఎక్కువమందిమి క్రైస్తవులం. మనిషి పోయిన నలభై రోజులకు ఇంటి ముందు టెంటు వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ఊళ్లోని హిందువులూ వచ్చి కూర్చుంటారు. బాధ అందరిదీ, భోజనం కూడా అందరిదీ. ఆ కూడికలో పోయినవారి జీవిత చరిత్ర చదవాలి. ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఏం పని చేశారు, ఎట్లా పోయారు. చదవడం అయ్యాక పాస్టర్ అయ్యగారు జనం వైపు చూసి, “ఏమన్న మిగిలిందా?” అని అడుగుతారు. ఇది ఇంకో ఊళ్లో ఉన్నట్టు నేను వినలేదు. వెనకటికి మా వాడలో రాయడం వచ్చినవాళ్లు లేక, తలా ఒక మాట చొప్పున జనమే చరిత్ర చెప్పేవారట. తర్వాత కాగితం వచ్చింది గానీ ప్రశ్న పోలేదు. ఎవరైనా లేచి ఒక్క మాట కలపవచ్చు. ఒక్క మాటే అన్నది నియమం. దాన్ని పాటించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఈ చరిత్రలు రాసే పని నాకు అర్హతను బట్టి రాలేదు. ఎల్లారెడ్డి బస్టాండ్ పక్కన జిరాక్స్ దుకాణంలో పని చేస్తాను, తెలుగులో టైపు వచ్చు, అంతే. చావింట్లో కూడా నవ్వించే దరిద్రుడని పేరున్నా, ప్రింటు ఊరికే తీసి ఇస్తానని సర్దుకున్నారు. మొదట రాసింది చిన్నవ్వది. చిన్నవ్వ మా నాయనమ్మకు చెల్లెలు. ఆ రోజు దుకాణంలో రద్దీగా ఉండి, ఎవరిదో పాత కాగితంలో పేరూ ఊరూ మార్చి పట్టుకొచ్చాను. “ప్రార్థనాపరురాలు, మృదుభాషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని సాత్వికురాలు” అని గొంతు సవరించుకుని చదివాను. చిన్నవ్వ తిట్టు లేకుండా కోడిని కూడా పిలిచేది కాదు. మృదుభాషి దగ్గర టెంటు వెనక వరుసలో ఎవరో దగ్గారు. సాత్వికురాలి దగ్గరికి వచ్చేసరికి ఆ దగ్గు ముందు వరుస దాకా పాకింది. అయ్యగారు “ఏమన్న మిగిలిందా?” అనగానే చిన్నవ్వ పెద్ద బిడ్డ లేచింది. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బి ఉన్నాయి.

“అయ్యగారూ, గిది మా అమ్మది కాదు. మా అమ్మది సదువుమనుండ్రి” అంది.

ఆ తర్వాత గంటసేపు ఒక్కొక్కరే లేచి, చిన్నవ్వ తమను ఏమని తిట్టిందో చెప్పారు. అంత ముద్దుగా తిట్లు గుర్తు పెట్టుకుంటారని నాకప్పటిదాకా తెలియదు. నా కాగితంలో లేని చిన్నవ్వ ఆ గంటలో టెంటంతా తిరిగింది. అప్పటినుంచి ఉన్నది ఉన్నట్టు రాయాలని ఒట్టు పెట్టుకున్నాను. నాకు ఒట్లు నిలవవు గానీ ఇది కొంతవరకు నిలిచింది.

రెండోది మేనత్త భర్తది, మా ఆటో మామది. గాంధారి నుంచి కామారెడ్డికి ఆటో నడిపేవాడు. “ఇంకొక్కలొస్తె పోదాం” అనేవాడు. ఆ ఒక్కరు వచ్చాక ఇంకొక్కరు. ఆయన ఆటోలో కూర్చుని పరీక్ష తప్పినవాళ్లున్నారు, పెళ్లిచూపులకు పోయేసరికి పిల్లకు వేరే సంబంధం కుదిరినవాళ్లున్నారు. చివరికి స్టాండులోనే, ఇంకొక్కరి కోసం చూస్తూ, స్టీరింగు మీద తల వాల్చాడు. ఏనాడూ వేళకు బయలుదేరలేదని ఈసారి నిజమే రాశాను. అయ్యగారు అడిగినప్పుడు తండా నుంచి వచ్చిన ఒకామె లేచి, “నాకు నొప్పులొస్తున్నయంటె పన్నెండు మందిని రోడ్డు మీద దించేసి నన్నొక్కదాన్నే దవాఖానకు తోల్కపోయిండు” అని కూర్చుంది. దించబడినవాళ్లలో నన్ను కన్న మా బాపు కూడా ఉన్నాడట. ఆ రోజు నాలుగు మైళ్లు నడిచానని ఆయన అప్పుడే బయటపెట్టాడు, కొంచెం గొప్పగా.

మూడోది పెద్దబాపుది. ఆయన మా బాపుకు అన్న, మా ఊరి నీరడి. చెరువు తూము తీసి మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో తేల్చేది నీరడి. తడిసిన మడివాడికీ తడవని మడివాడికీ ఒకేలా కనిపించాల్సిన పని కాబట్టి పెద్దబాపు మాటలు బాగా తగ్గించుకున్నాడు. నేను పుట్టకముందు సంగతి: ఒక ఏడు వానల్లేక చెరువులో మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. ఆ నీటికి వంతులు వేసుకుని, ఊరంతా ఊపిరి బిగబట్టుకుని నాట్లు వేస్తున్నారు. ఒక పొద్దున పోయి చూస్తే తూము బార్లా తెరిచి ఉంది, సగం చెరువు కాల్వ వెంట పోయింది. ఆ రోజు వంతు పటేలుది. ఆయన నారుమడి ఎండిపోయింది. పంచాయితీలో పెద్దబాపు, “నేను కునుకు తీసిన” అని ఒక్క మాట చెప్పి, పార అక్కడే పెట్టి వచ్చాడట. నీరడి పని పోయింది. అప్పటినుంచి కూలికి పోయాడు. నిద్రపోయాడని కొందరు, కింది మడులవాళ్లు ఏదో ముట్టజెప్పారని కొందరు అనుకున్నారు. ఎదురుగా ఎవరూ అనలేదు. ఎదురుగా అంటే మా ఊళ్లో మజా ఉండదు.

కూడిక రెండు రోజులుందనగా పెద్దబాపు భార్య, మా పెద్దమ్మ, బస్సెక్కి మా దుకాణానికి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, “ఏం రాసినవో సదువు” అంది. నేను ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తూనే, “ఇరవై రెండేళ్లు ఊరి నీరడిగా నమ్మకంగా సేవ చేశారు” దాకా చదివాను.

“గా నమ్మకంగ అన్నది తీసెయ్.”

“ఎందుకు పెద్దమ్మా?”

“అది ఇనంగనె ఎవడో ఒకడు లేస్తడు. తూము సంగతి తీస్తడు.”

“తియ్యనీ. ముప్పై ఏండ్ల కింద కునుకు తీసినందుకు ఇప్పుడు జైల్ల ఏస్తరా?”

“ఆయిన కునుకు తియ్యలేదురా. తూము తీసింది నేను.”

నాలుగు కాపీలు రావాల్సిన మిషన్‌లోంచి నలభై వచ్చాయి. ఎవరి ఆధారో గానీ ఊరంతా పంచేటన్ని. పెద్దమ్మ ఆ కాగితాల వైపే చూస్తూ చెప్పింది. “జరమొచ్చి పండుకున్నడు. ఊరందరి మడులు తడుస్తున్నయి, మాది నెర్రెలు బారింది. నీరడి మడికి ఆఖరు వంతని ఆయినే పెట్టుకున్నడు, గొప్ప కోసం. నాకు కోపమొచ్చింది. తెల్లారకముందె పోయి తీసిన. ఒక్క ఘడియ అనుకున్న. మల్ల మూద్దామంటె నీళ్ల జోరుకు మూత నిలువలే. కట్టుకున్న చీర సగం చింపి కుక్కిన, అదీ ఆగలే. ఉరికొచ్చి పొయ్యి ముట్టిచ్చుకొని కూసున్న.”

“పెద్దబాపుకు చెప్పలేదా?”

“పంచాయితీల ‘నేను కునుకు తీసిన’ అనంగనె నా నోరు పడిపోయింది. జరంల తనే సరిగ్గ మూయలేదనుకున్నడు గావచ్చు. పొద్దుగూకినంక చెప్దామనుకున్న. తెల్లారినంక చెప్దామనుకున్న. గట్లనే ఆయిన పోయిండు. తప్పు తనదనుకుంటనే పోయిండు.” సంచి సర్దుకుని లేచింది. “అయ్యగారు అడిగినప్పుడు నేనే లేస్త.”

“నువ్వు లేస్తె బువ్వలకు ఆలస్యమైతది పెద్దమ్మా” అన్నాను. పెద్దమ్మ నవ్వలేదు. నా మాటకు తిట్టేవాళ్లను చాలామందిని చూశాను, ఏమీ అననివాళ్లను చూస్తేనే నాకు భయం. ఆమె బస్సు ఎక్కాక నమ్మకంగా అన్న మాట తీసేసి ఇంకో ప్రింటు తీశాను. కూడిక రోజు జేబులోంచి బయటికి వచ్చింది మాత్రం మొదటి ప్రింటు. ఫైళ్లకు ఆ పేర్లు పెట్టినవాడికి అంతకన్నా మంచి జరగదు. ‘నమ్మకంగా’ నోట్లోంచి వెళ్లిపోయాకే చూసుకున్నాను. ముందు వరుసలో పెద్దమ్మ నన్ను చూసిన చూపుకు మిగతా సగం పేజీ తలెత్తకుండా చదివాను.

“ఏమన్న మిగిలిందా?” అన్నారు అయ్యగారు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. లేవాలని నిర్ణయించుకోవడానికీ లేవడానికీ మధ్య చాలా సమయం పడుతుంది. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచేసరికి, వెనక వరుసలో పటేలు లేచి నిలబడ్డాడు. నారుమడి ఎండిన ఆ పటేలే. ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డ మనిషి.

“నువ్వు ఆగు పటేలా, నేను చెప్త” అంది పెద్దమ్మ. పూర్తిగా నిలబడి, నాకు దుకాణంలో చెప్పిందంతా, ఒక్క ముక్క తగ్గించకుండా, జనం ముందు చెప్పింది. చివర, “నమ్మకం తప్పింది నేను. ఆయిన కాదు. గిది ఆయినకు చెప్పలేకపోయిన, మీకు చెప్తున్న” అంది. సరిగ్గా అప్పుడే వంటాయన టెంటు పక్కనుంచి తల పెట్టి, “అన్నం వార్చాల్నా, ఇంక జెరసేపు ఆగాల్నా?” అని అడిగాడు. మా ఊళ్లో నేనొక్కణ్ణే ఇలాంటివాణ్ణి అనుకునేవాణ్ణి.

పటేలు ఇంకా నిలబడే ఉన్నాడు. “నేను లేచింది మంచినీళ్లకు” అన్నాడు. “సరే, లేచిన గాబట్టి చెప్త. గిది నాకు గా పొద్దుగాలనే ఎర్క.”

పెద్దమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది.

“ఆ రోజు వంతు నాది గదా, అందరికన్న ముందు నేనే పోయిన. నా ఎనుక జరంతోనే నీరడి ఉరికొచ్చిండు. తూము నోట్ల ఆకుపచ్చ చీర గుడ్డ. ఇద్దరం జూసినం. నీరడి చెయ్యయితె మూత గట్ల పెట్టదు, పని రానోళ్లు పెట్టినట్టున్నది. గుడ్డ గుంజి, కాల్వల పిండి, భుజం మీద ఏసుకున్నడు. ‘పటేలా, ఆమె పేరు తియ్యకు. నా పేరైతె ఊరు నాలుగు రోజులు తిట్టి ఊకుంటది, ఆమె పేరైతె బతకనియ్యరు’ అన్నడు. నారు పోయిందని నాకు కోపం లేకపోలేదు. కని ఆ మనిషి ఎన్నడు నన్ను ఇంకొక మాట అడగలే. ఆ గుడ్డనే గద తర్వాత తలకు సుట్టుకుంట తిరిగిండు.”

అందరం ఏడుపు కోసం సిద్ధమయ్యాం. మా మేనత్త అయితే పక్కన కూర్చుని పట్టుకోవడానికి చెయ్యి కూడా చాపింది. పెద్దమ్మ ఆ చేతిని పక్కకు తోసి, పూలదండ వేసిన పెద్దబాపు ఫొటో వైపు తిరిగింది.

“అంటె నీకు ఎర్కనా? ఇన్నేండ్లు నా ముంగట గా గుడ్డ సుట్టుకొని తిరుగుకుంట, ఒక్కనాడన్న అడగవా? ఇంట్ల మిగిలిన ముక్క అనుకొని నేనే ఉతికి ఆరేస్తి గదనయ్యా. నిద్ర పట్టక నేను పొర్లుతుంటె ‘ఏందే, దోమలా’ అంటివి గద.”

ముందు నవ్వింది పెద్దమ్మే. ఆ తర్వాత పటేలు, ఆ తర్వాత మేమందరం. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. భోజనాల దగ్గర పెద్దమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. పప్పులో ఉప్పు తక్కువైందని వంటాయన్ను నిలదీసింది. నలభై రోజులుగా ఆమె నోట ఒక ఫిర్యాదు కూడా రాలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఎనిమిదైనా పెద్దమ్మ ఇంటి తలుపు తెరుచుకోలేదు. కోడి కన్నా ముందు లేచే మనిషి. పక్కింటివాళ్లు కంగారుపడి నాకు ఫోన్ చేశారు. మూడు చరిత్రలు రాశాక ఊళ్లో నాకు వచ్చిన హోదా అది. పరుగెత్తుకుంటూ పోయి తలుపు బాదాను. ఎంతకూ పలకలేదు. నేను ఒక్క పరిహాసం కూడా ఆడని నిమిషాలు నా జీవితంలో తక్కువ, అవి అందులోవి. చివరికి గొళ్లెం చప్పుడైంది. పెద్దమ్మ జుట్టు రేగిపోయి, చెంప మీద చాప గుర్తులతో గడప దగ్గర నిలబడి ఆవలించింది.

“ఏందిరా, మనిషిని జెర పండుకోనియ్యరా?”

ముప్పై ఏళ్లంటే నా వయసు కన్నా రెండేళ్లు ఎక్కువ. అందుకే అది ఒక జీవితమంత పొడుగు అనుకునేవాణ్ణి. ఆ ఎండలో కళ్లు నులుముకుంటున్న పెద్దమ్మను చూశాక, ఒక్కోసారి అంత కాలమూ తెల్లవారడం మరిచిపోయిన ఒకే ఒక్క రాత్రి అని తెలిసింది.