తోడికోడలి కుట్టుషాపు

పెద్దకోడలి కుట్టుషాపుకు ఆ వీధిలో మంచి పేరుంది. ఆమె దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకున్న తోడికోడలు సరిగ్గా ఎదురుగా ఇంకో షాపు తెరిచింది. ఆ రోజు నుంచి పెద్దామెకు కంటి మీద కునుకు లేదు. గిరాకీ పోతుందని కాదు, అది ఇద్దరికీ సరిపోయేంత ఉంది. మధ్యాహ్నం అన్నాలు తింటూ ఎదురుషాపు పనివాళ్లు నవ్వుకుంటుంటే ఆమెకు ఒళ్లంతా కారం రాసినట్టుండేది. తన షాపులో మిషన్ల చప్పుడే తప్ప మనిషి గొంతు వినపడదు.

"ఏం మందు పెట్టిందో వాళ్లకి," అనేది భర్తతో. "మీ తమ్ముడి సంపాదనంతా అక్కడే పోస్తున్నట్టుంది."

"వాళ్ల షాపు, వాళ్లిష్టం," అనేవాడాయన. దాంతో ఇంకా మండేది.

ఒక సోమవారం ఆమె దగ్గర కటింగు చేసే మనిషి పనిలోకి రాలేదు. చూస్తే ఎదురుషాపులో మెడలో టేపు వేసుకుని నిలబడి ఉంది. పెద్దామె విసవిసా వీధి దాటింది.

"నా మనిషిని లాక్కుంటావా?"

తోడికోడలు మిషను ఆపింది. "నేను పిలవలేదక్కా. తనే వచ్చి అడిగింది."

కటింగు మనిషి తల వంచుకునే చెప్పింది. "మీరు మంచివారేనమ్మా. జ్వరమొస్తే మందులు కొనిచ్చారు. కానీ సూది విరిగితే జీతంలో కోస్తారు. పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తారు. ఇక్కడ అదనపు గంటలకి రెట్టింపు ఇస్తారు."

"అబ్బో, మా చెల్లెలిది అంత పెద్ద చెయ్యా?"

"పెద్ద చెయ్యి కాదక్కా, ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం, అదనపు గంటల రేటు. తక్కువకి వాళ్లు ఒప్పుకున్నా సరే, పని ఇచ్చిన మనదే తప్పు." అంది తోడికోడలు. "మీ షాపులో ఇంటిమనిషినని ఊరికే కుట్టాను. షాపు పెడితే ఎవరిచేతా అలా చేయించుకోకూడదని అప్పుడే అనుకున్నాను."

పెద్దామె తిరిగొచ్చి ఆ రోజంతా పనివాళ్ల మీద విసుక్కుంది. కానీ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు భర్తను కార్మిక శాఖ ఆఫీసుకు పంపి రేట్లు కనుక్కుంది. ఆ నెల నుంచే జీతాలు పెంచింది. సూదుల కోత మానేసింది, ఇన్నాళ్లూ వాళ్లకు తక్కువిచ్చిన పాత బాకీలూ విడతలుగా తీర్చింది. ఖర్చు కలిసిరావాలని మళ్లీ తనే మిషను ముందు కూర్చుంది. కటింగు మనిషి మాత్రం వెనక్కి రాలేదు.

చివరికి తోడికోడలు ఊరికే కుట్టిన రోజులకూ లెక్కగట్టి పెద్దామె భర్తచేత డబ్బు పంపించింది. తోడికోడలు వద్దనలేదు, పొగడనూ లేదు. తీసుకుని ఆ డబ్బుతో కొత్త మోటారు మిషను కొనుక్కుంది.

అది వీధిలో దిగుతుంటే పెద్దామె గుమ్మంలో నిలబడి చూసింది. తను ఇచ్చింది ఆమె కష్టార్జితమేనని తెలుసు. తెలిసి కూడా కుళ్లుకుంది. తన మిషను కంటే అది బాగుంది మరి.