అమ్మ జడలోని నలుపు

మా పిన్ని ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసింది. ఊళ్లో సగం మందిని మొహం కన్నా ముందు ఎముకలతోనే గుర్తుపడుతుంది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, పాతకాలం పద్ధతిలో ఫొటోలు అచ్చువేయడం నేర్చుకుంది. మందపాటి కాగితానికి వెండి కలిసిన మందు కుంచెతో పూసి, ఎండ తగలకుండా ఆరబెట్టి, పైన నెగటివ్ పరిచి, అద్దం బిగించి ఎండలో పెట్టాలి. తర్వాత నీళ్లలో కడిగితే బొమ్మ తేలుతుంది.

బొమ్మ తేలేది గానీ అందులో నలుపు పట్టేది కాదు. పిన్ని వేళ్లు నల్లబడ్డాయి, వంటింటి గట్టు నల్లబడింది, బాబాయి తెల్లచొక్కా నల్లబడింది. కాగితం మాత్రం పలచటి టీ రంగు దాటలేదు.

ఆ రంగులోనే అమ్మ ఫొటో ఒకటి వేసి తెచ్చింది. అందులో అమ్మకు ఇరవై ఏళ్లు, భుజం మీంచి ముందుకు వేసుకున్న పొడవాటి జడ. అమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఏమే, అప్పుడే నా జుట్టు నెరిపించేశావా?"

"అది కాదక్కా, నలుపు రావట్లేదు."

"మీ బావ ఇది చూస్తే నన్ను వాళ్ల అత్తగారనుకుంటారు."

పిన్నికి పౌరుషం వచ్చింది. రెండు పూతలు వేసింది. కాస్త నయం. మూడోది వేస్తే మందు పొలుసులుగా రాలింది.

ఒకరోజు కిటికీ లేని గది కదా అని కాగితాన్ని స్నానాలగదిలో ఆరేసింది. అది చూడకుండా బాబాయి దూరి, వేడినీళ్లు తిప్పి, పాట అందుకున్నాడు.

"ఏమండీ, లోపల కాగితం ఉంది!"

"నేనూ ఉన్నానే!"

ఆవిరికి మెత్తబడిన ఆ కాగితాన్ని పారేయబుద్ధి కాక, పిన్ని తిట్టుకుంటూనే ఎండలో పెట్టింది. కడిగితే జడ కాటుకలా నల్లగా తేలింది. పిన్ని తొట్టిలోంచి చేతులు తీయడం కూడా మరిచిపోయింది. బాగా ఎండిన కాగితంలో మందు పూర్తిగా పనిచేయదనీ, కొంచెం చెమ్మ కావాలనీ అప్పుడు తెలిసింది.

నమ్మకం కుదరడానికి మళ్లీ మళ్లీ చేసి చూసింది.

"ఏమండీ, ఇంకోసారి స్నానం చేయరూ?"

"పొద్దుట్నుంచి రెండయ్యాయి!"

"ఒక్క కాగితమే మిగిలిందండీ."

కొత్త ఫొటో అందుకుని అమ్మ జడ పొడవునా వేలితో నిమిరింది.

"మరీ ఇంత నలుపేంటే, రంగేసినట్టు!" అంది చివరికి.

అయినా ఆ సాయంత్రమే హాల్లో గడియారం తీయించి, అదే మేకుకు ఫొటో తగిలించింది. మా ఇంట్లో టైమెంతో తెలియాలంటే ఇప్పుడు వంటింట్లోకి వెళ్లాలి.