టోర్లైవ్ తాత ఎర్ర మైనం

టోర్లైవ్ తాత ఉన్న లోయలో ఏ పిల్లా తన స్కీలకు, అదే మంచుమీద జారే పొడుగు చెక్కలకు, తాను మైనం రాసుకున్న పాపాన పోలేదు. ఆయన రాయనిస్తేగా!

ఆ ఉదయం ఇంగున్ టీచరు పదేళ్ల పిల్లల్ని వెంటేసుకుని కొండమీది చెక్కగుడిసెకు బయలుదేరింది. అడవి మొదట్లో మలుపు తిరిగేసరికి, బాటకు అడ్డంగా మోకాళ్లమీద కూర్చుని, ఎలాంటి మంచో తేల్చుకోవడానికి గుప్పెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తూ తాత! పక్కన మైనాల రేకుపెట్టె.

"ఆగండి! విప్పండి స్కీలు!"

"అయిపోయాం రా దేవుడా," అన్నాడు సిండ్రె. క్లాసులో వాడిని మించిన చురుకు లేడు. "తాతా, ఇంట్లో మా నాన్న రాశాడు."

"మీ నాన్నకు మైనం రాయడం నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"వాడికి రాలేదు. అందుకే మళ్లీ రాస్తున్నా."

మతం మీదా పొలంగట్ల మీదా కొట్టుకునే జనం అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నార్వేలో ఆ తగువులన్నీ సద్దుమణిగాక మైనం ఒక్కటి మిగిలింది. గడ్డకట్టిన మంచుకు నీలం, కరిగే మంచుకు ఎరుపు. మైనం తక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారతావు. తప్పు రంగు రాస్తే స్కీల అడుగున మంచు ముద్దకట్టి కాలు కదలదు. దీనిమీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు, కుదిరిన సంబంధాలు చెడిపోయాయి.

అలాంటి ఊళ్లో తాత ప్రతిసారీ తప్పు రాస్తాడని పేరు పడింది. సిండ్రె తండ్రి హెడ్మాస్టరుకు ఫిర్యాదు చేశాడు. "ఆయన చూపు పోయింది. ఈసారి కూడా మంచు అంటుకుంటే ఆ పెట్టె తెచ్చి నా బల్లమీద పెట్టండి," అన్నాడు హెడ్మాస్టరు, బడికి కొత్తగా వచ్చిన ఇంగున్‌తో. పెట్టె పోతే తాతకు ఇక కొండమీద పనేముంది? చెప్పాల్సింది తనే కదా, ఆ మాట ఎలా అనాలా అని ఆమె దారంతా కూడబలుక్కుంది.

తాత కూడా పిల్లల వెంట బయలుదేరాడు. ఎత్తు మొదలయ్యేసరికి అనుకున్నంతా అయింది.

"తాతా! నా కాళ్ల కింద రొట్టె పెరుగుతోంది!" మంచు ముద్దకట్టిన స్కీ ఎత్తి చూపిస్తూ సిండ్రె అరిచాడు.

"తిను మరి!"

ఇంగున్ అలవాటుకొద్దీ అందరికన్నా ముందు గుడిసెకు చేరి, మంట వేసి, విసుగ్గా ఎదురుచూసింది. పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు, గుంపుగా. పరుగుపందెంలో ఎప్పుడూ చివర మిగిలే ఇల్వా, ఒగరుస్తున్న సిండ్రె పక్కనే నిలబడి మంటమీద కాలుతున్న పెద్ద మాంసపు సాసేజీ ఎవరిదని వాడితో పోట్లాడుతోంది.

గోడకు ఆనించిన స్కీలను ఇంగున్ తిరగేసి చూసింది. సిండ్రె స్కీలకు ఎర్ర మైనం దట్టంగా ఉంది. వాడికన్నా నెమ్మది పిల్లలకు ఎరుపు పలచబడుతూ వచ్చింది. ఇల్వావి నున్నటి నీలం. పొరపాటు ఇంత పద్ధతిగా ఉండదు.

"తాతగారూ, ఇంత చలిలో ఎర్రది ఎవరైనా రాస్తారా?"

"కళ్లు సరిగా ఆనవమ్మాయ్."

"సిండ్రె దగ్గరే ఆనవా?"

తాత సాసేజీ తిప్పుతూ కూర్చున్నాడు. "ఆఖర్న వచ్చిన పిల్లకి ఇక్కడ పొగ తప్ప ఏం మిగలదు. చిన్నప్పుడు నేను చూసిందంతా ఆ పొగే." రేకుపెట్టెను ఆమె వైపు నెట్టాడు. "హెడ్మాస్టరు అడిగాడటగా. పట్టుకుపో."

ఇంగున్ పెట్టె ముట్టుకోలేదు. తన స్కీలు తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. "ముందు వీటి సంగతి చూడండి. హెడ్మాస్టరుగారితో నేను మాట్లాడుకుంటాను."

తాత ఆమెను ఎగాదిగా చూశాడు. ఎర్రముద్ద తీసి, రొట్టెకు వెన్న పూసినట్టు పూశాడు. పెట్టె మూసి చంకన పెట్టుకుని, వెళ్లొస్తానని ఒక్క ముక్కయినా అనకుండా చెట్లలోకి నడిచిపోయాడు.

"తాతగారూ!" ఇంగున్ స్కీలు తొడుక్కుని వెంటపడబోయింది. అడుగున మంచు ముద్దకట్టి, అడుగు కదిలితే ఒట్టు. పిల్లలు ఆమెను దాటి పల్లంలోకి జారిపోతున్నారు.

"తొందరగా రండి టీచర్!" కేకేసింది ఇల్వా. "మీకోసం కింద ఆగుతాంలే!"

తాత మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.