పచ్చ పీలిక

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శవాల గది పక్కనే కూర్చొని అన్నం తిన్నదాన్ని, నన్నెవరు భయపెడతారు? నవ్వుతారనే ఈ సంగతి ఇన్నేళ్లూ దాచుకున్నాను.

పంతొమ్మిది వందల అరవైల్లో కరీంనగర్‌లో ఒక దవాఖానలో నర్సుగా ఉండేదాన్ని. అత్యవసర గదిలో నాలుగే మంచాలు. ఊళ్లల్లో వైద్యం లేదు. జలుబు చేసినా మా గడపే, పాము కరిచినా మా గడపే. పైగా ఒక్క రోగి వెంట బండెడు చుట్టాలు.

ఆ గుంపును చక్కబెట్టేది ముసలి ఆయా చాందమ్మ. వాకిట్లో పీట వేసుకొని, వచ్చినవాళ్ల కళ్లు, గోళ్లు చూసేది. ఆగలేనివాళ్ల చేతికి తన పాత పచ్చ చీర పీలిక కట్టేది. నాలుగు ముళ్లు వేసేది, కత్తిరించాల్సిందే తప్ప ఊడదు. పీలిక ఉన్నవాళ్లే ముందు. మిగతావాళ్లు పటేలైనా సరే, కూర్చోవలసిందే.

"ఒర్రేటోనికి పానం ఉన్నట్టే బిడ్డా. సప్పుడు జెయ్యనోన్ని సూడు" అనేది నాతో. కేకలు వేసేవాణ్ని ఆపి, నోరెత్తనివాణ్ని ముందు చూడటం నాకు మొరటు పద్ధతి అనిపించేది. కానీ నేను తిండి మాని తిరుగుతుంటే, తిట్టి మరీ తన జొన్నరొట్టె నాకు పెట్టేది ఆమే.

ఒక ఏడు చాందమ్మ జ్వరంతో పోయింది. చాలా ఏడ్చాను. మిగిలిన పీలికల మూటను నా పెట్టెలో దాచి తాళం వేశాను. పీటను ఆమె కొడుకు తీసుకుపోయాడు.

తర్వాత నా పద్ధతి పెట్టాను. రోగి లోపల, తోడు వచ్చినవాళ్లు గేటు బయట. గది ఖాళీ అయింది. డాక్టరు మెచ్చుకుంటే తెగ మురిసిపోయాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున బావి పనిలో బండ జారిందని ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తమ్ముడి చెయ్యి చీలి నెత్తురు, ఒకటే కేకలు. అన్న రాజలింగు అతన్ని భుజాన మోసుకొచ్చాడు. మోసినవాడికేం రోగం? బయటికి నడవమని గేటు వేయించాను.

తమ్ముడికి కుట్లు పడ్డాక గాలి కోసం బయటికి వచ్చాను. రాజలింగు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతికి పచ్చ పీలిక. నాలుగు ముళ్లు.

పొట్ట మీద చెయ్యి పెడితే చెక్కలా గట్టిగా తగిలింది. బండ మొదట పడింది అతని మీదే. తమ్ముడి తొందరలో చెప్పనేలేదు. డాక్టరు వెంటనే ఆపరేషన్ చేశాడు. ఇంకాసేపైతే దక్కేవాడు కాదన్నాడు.

రాజలింగుకు తెలివి వచ్చాక పీలిక ఎవరు కట్టారని అడిగాను.

"పీట మీద ముసలవ్వ కట్టింది సిస్టరమ్మా. 'జర ఓపిక వట్టు కొడుకా, నా బిడ్డ గిప్పుడే బయటికొస్తది, దాన్నేమనకు, ఇంకా నేర్సుకుంటున్నది' అన్నది."

పెట్టె తెరిచి చూశాను. తాళం వేసినట్టే ఉంది, మూట కట్టినట్టే ఉంది. దాని ముందు కూర్చొని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆ పీలిక ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి వాకిట్లో వేరే పీట వేసుకొని నేనే కూర్చున్నాను. మూటలోవి అయిపోయాక నా చీర చింపాను. పచ్చదే వెతికి చింపాను.