కూలర్ పక్కన చెప్పులు

మా ఇంట్లో చెప్పులు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ విషయంలో నేను మహా కచ్చితం. గ్యాస్ బండ మోసుకొచ్చినతను కూడా బయట విప్పాల్సిందే. అయినా ఆరేళ్లపాటు మా మణికొండ ఫ్లాటు హాల్లో ఒక నీలం రబ్బరు చెప్పుల జత ఉండేది, ఇనప కూలర్ పక్కన. అందులో నీళ్లు పోయాలన్నా, స్విచ్చు తిప్పాలన్నా ముందు ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాలి. లేకపోతే చెయ్యి జివ్వుమనేది. ప్రతి వేసవిలో బాగు చేయించాలనుకునేవాళ్లం, వానలు పడగానే మరిచిపోయేవాళ్లం. ఇంటికొచ్చిన చుట్టాలకు మంచినీళ్లిస్తూనే ఆ చెప్పుల సంగతి నవ్వుతూ చెప్పేదాన్ని.

మొన్నటి వేసవిలో ఏసీ కొన్నాం. కూలర్‌ను మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇస్తానని వారం ముందే మాటిచ్చాను. వెనక గల్లీలో రేకుల గదిలో, ఒక్కగానొక్క కూతురితో కిరాయికి ఉంటుంది.

"నిజంగనా అమ్మా? బిడ్డకు పరీక్షలున్నయ్. ఆ రేకుల కింద చదవలేక పరేషాన్ అయితున్నది" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది.

నేనెంత గొప్పదాన్నో అనిపించింది. ఆ సంగతి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు ముగ్గురికి కూడా చెప్పాను.

ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్, దారికి అడ్డంగా ఉందని కూలర్‌ను జరపబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. టెస్టర్ ఆనించి చూస్తే లైటు వెలిగింది.

"మేడం, బాడీకి కరెంటొస్తున్నది. ఎర్త్ వైరు తెగింది. బాగు చేయించకుండ ఎవ్వరికీ ఇయ్యకుండ్రి."

"మీరే చేసిపెట్టకూడదూ?" అన్నాను.

"మాదాపూర్‌ల ఇంకో రెండు ఏసీలు పెట్టేదుంది మేడం. రేపొచ్చి చేస్త."

సరేనన్నాను. కానీ సాయంత్రమే ఆవిడ ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. రేపు తీసుకెళ్లమంటే సరిపోయేది. కనీసం చెప్పుల మాటైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. పాడైన వస్తువు అంటగడుతున్నట్టు ఉంటుందేమో, తల్లీకూతుళ్ల సంతోషం చెడిపోతుందేమో అని ఊరుకున్నాను. అలా అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా గొప్ప తగ్గుతుందని ఊరుకున్నాను. మెకానిక్‌కు ఫోన్ చేసి ఇక రానక్కర్లేదన్నాను.

మూడో రోజు ఆవిడ పనికి ఆలస్యంగా వచ్చింది.

"బిడ్డకు కూలర్ షాక్ కొట్టిందమ్మా. నీళ్లు పోసుడు మొదలువెట్టంగనే ఎగిరి గోడకు పడ్డది. దవాఖానకు తీస్కపోయిన. చెయ్యి వాచింది గంతే, ఫికర్ లేదన్నరు."

"అయ్యయ్యో! మా ఇంట్లో ఎప్పుడూ కొట్టలేదే!" అన్నాను.

కంగారులో నోరు జారిందని చెప్పుకోను. తెలిసే అన్నాను.

ఆవిడ చీపురు పట్టుకుని హాల్లో గోడవైపు చూసింది. కూలర్ ఉన్న మేరకు నేల తెల్లగా కనబడుతోంది. పక్కన నీలం చెప్పులు అలాగే ఉన్నాయి. నాలుగేళ్లుగా వాటిని పక్కకు జరిపి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది ఆవిడే. ఆవిడ వచ్చే వేళకు కూలర్ ప్లగ్గు తీసేసి ఉండేది. ఈ ఇంట్లో ఆ చెప్పులెందుకని ఆవిడ ఎన్నడూ అడగలేదు. చుట్టాలందరికీ చెప్పిన నేను ఆవిడకు మాత్రం చెప్పలేదు.

"ఆ చెప్పులు గూడ ఇస్తవా అమ్మా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. వాటిని కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ వెళ్లగానే మెకానిక్‌ను బతిమాలి పిలిపించి, సాయంత్రం వాళ్ల గదికి తీసుకెళ్లాను. నా చెప్పులు బయట విప్పి లోపలికి అడుగుపెట్టాను. ఉడుకు భరించలేక కాబోలు, కూలర్ తిప్పుతూనే ఉన్నారు. ఆ పిల్ల చేతికి కట్టుతో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "గిదే గదా మేడం! ఎవ్వరికీ ఇయ్యకుండ్రి అని ఆ దినమే చెప్పిన గదా!"

పిల్ల పుస్తకంలోంచి తలెత్తి నావైపు చూసింది. నేను ఆ చూపు తప్పించుకుని తల దించుకున్నాను. అంతలో నీలం చెప్పుల జత నేలమీద జరుగుతూ వచ్చి నా పాదాల దగ్గర ఆగింది. ఆవిడ తన కాళ్లకున్న ఆ జతనే విప్పి, కాలితో కాకుండా వంగి చేత్తో నెట్టింది.

"ఏస్కో అమ్మా" అంది. "ఇంక మంచిగ కాలే."